పడమటి కిటికీల కింది రంధ్రాలు

డబుల్ గ్లాస్ కిటికీకి మంచు పట్టినట్టుందని ఎవరైనా ఫోన్ చేస్తే నేను మొదట అడిగేది ఒకటే: వేలితో రాస్తే పోతోందా? గది వైపు రాస్తే పోయిందంటే అది వంటింటి ఆవిరి, లేకపోతే లోపల ఆరేసిన బట్టల చెమ్మ. కాసేపు కిటికీ తెరిస్తే సరిపోతుంది. బయటి వైపు రాస్తే పోయిందంటే గదిలో ఏసీ మరీ చల్లగా పెట్టుకున్నారని అర్థం. ముంబై వానాకాలంలో అది మామూలే, అద్దం తప్పు ఏమీ లేదు. రెండు వైపులా రాసినా పోకపోతే తడి రెండు అద్దాల మధ్య ఉన్నట్టు. అప్పుడే అసలు మాట మొదలవుతుంది.

నేను పని మానేశాక కూడా ఈ ఫోన్లు ఆగలేదు. కామాఠిపురా నుంచి మన తెలుగు పిల్లలు చాలామంది ఇప్పుడు కిటికీల పనిలోకి వెళ్తున్నారు. వాళ్ళ తాతలు ఈ ఊళ్ళో రాళ్ళు మోశారు, తండ్రులు సిమెంటు పని చేశారు, వీళ్ళు అద్దాలు బిగిస్తున్నారు. మనం ఉండే పాత చాళ్లు పడగొట్టి టవర్లు కడతారని ఎన్నాళ్ళ నుంచో అంటున్నారు. కడితే ఆ కిటికీలూ వీళ్ళే బిగిస్తారు. మొన్న ఒకతను అడిగాడు: "అత్తా, వీడియోల చూసిన. అద్దానికి సన్నగ బొక్క కొట్టి గాలి కొడితే మధ్యల తడి పోతదంట. చెయ్యాల్నా?"

చేస్తే పోతుంది. కొన్నాళ్ళు బాగానే కనిపిస్తుంది. కాని ఆ తడి ఏ దారిన వచ్చిందో తెలుసుకోకుండా ఆరబెడితే మళ్ళీ అదే దారిన వస్తుంది. అతనికి ఫోన్‌లో ఇంత చెప్పి ఊరుకున్నాను. చెప్పకుండా మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఒక బిల్డింగ్‌లో ఆ దారి వెతకడానికి వెళ్ళి, నా ఇంటి వాకిలికే తిరిగివచ్చిన సంగతి ఇది.

మా డబుల్ గ్లాస్ కార్ఖానా నాగ్‌పాడాలో ఒక సందు చివర ఉండేది. కింద పాత మోటారు సామాన్ల దుకాణాలు, పైన మేము. నేను అద్దాలు కడగడానికి చేరాను. తారీఖు, కొలత నేను తప్పు రాయనని తెలిశాక సేఠ్ నన్ను సీలు బల్లల మీద పెద్దదాన్ని చేశాడు. ఆ బల్లల దగ్గర అందరూ ఆడవాళ్ళే. పని వినడానికి తేలిక. రెండు అద్దాలు, వాటి మధ్య అంచు పొడుగునా బోలుగా ఉండే అల్యూమినియం పట్టీ. ఆ పట్టీ కడుపులో తెల్లని గింజలు పోస్తాం. అద్దాల మధ్య చిక్కుకున్న చెమ్మను అవి తాగేస్తాయి. పట్టీకి రెండు పక్కలా నల్ల బంక, దాని వెలుపల చుట్టూ ఇంకో పొర సీలు. అంతే. ఆ సీలు ఎక్కడ సూదిమొనంత విడిచినా బయటి గాలి లోపలికి వస్తుంది, గింజలు తాగగలిగినంత తాగి చేతులెత్తేస్తాయి, అద్దానికి లోపల పొగ పడుతుంది.

గింజల డబ్బా మూత తెరిచి ఉన్నంతసేపూ బల్ల దగ్గర ఎవరూ మాట్లాడకూడదని నా నియమం. మాటల్లో పడితే మూత మరిచిపోతారు, అద్దాల మధ్య చేరకముందే గింజలు ముంబై గాలి తాగి ఊరుకుంటాయి. నా వెనక నన్ను మూతమ్మ అనేవాళ్ళు. నాకు తెలుసు. పేరు బాగానే పెట్టారు.

ఎవరు సీలు చేసిన అద్దం ఏదో తెలియడానికి స్టిక్కర్లు తెప్పిస్తానని సేఠ్ ప్రతి దీపావళికీ అనేవాడు. అవి రాలేదు. అందుకని మేమే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పట్టీ మూల మీద ఒక్కొక్కరు తమ గోళ్ళరంగుతో చుక్క పెట్టేవాళ్ళు. నాది ఎరుపు. అందరికంటే చివర చేరిన అమ్మాయికి మంచి రంగులేవీ మిగల్లేదు. ఆమె ఫోరస్ రోడ్డులో గాజుల దుకాణంలో ఎవరూ కొనక దుమ్ము పట్టిన ఆకుపచ్చ సీసా తెచ్చుకుంది. అందరూ నవ్వారు. "గోళ్ళకు పెట్టుకునేది కాదు గదా, అద్దానికే గదా," అంది ఆమె.

ఆ ఆకుపచ్చ చుక్క అమ్మాయి మా దగ్గరికి రాకముందు ఒక ఖానావళిలో, అంటే భోజనాల హోటల్లో, గిన్నెలు తోమేది. ఎప్పుడూ నీళ్ళలో నాని ఆమె వేళ్ళు పాచిపోయి ఉండేవి. సీలు పని నేర్పితే ఎంత త్వరగా పట్టుకుందంటే, రెండో ఏడు వచ్చేసరికి బల్ల మీద ఆమెకు సాటి చెయ్యి లేదు. పెద్ద అద్దాలన్నీ ఆమెకే ఇచ్చేదాన్ని. పెద్ద అద్దానికి అంచు పొడుగు, ఎక్కడా చెయ్యి ఆపకుండా ఒకే ఊపులో సీలు లాగాలి. ఆమె లాగుతుంటే చూడబుద్ధి అయ్యేది.

బైకల్లా దగ్గర రైలు పట్టాలను ఆనుకుని కట్టిన బిల్డింగ్‌కు మేము కిటికీలు ఇచ్చాం. పట్టాల వైపు, అంటే పడమటి వైపు, ముందుగదులకు పెద్ద అద్దాలు. వెనక వంటిళ్ళకు చిన్నవి. పట్టాల మోత లోపలికి రాకూడదని డబుల్ గ్లాస్ పెట్టించుకున్నారు. మొదటి వానాకాలం బాగానే గడిచింది. రెండో వానాకాలం సగానికి వచ్చేసరికి ఫోన్లు మొదలయ్యాయి. పడమటి కిటికీలు పొగబారుతున్నాయి. వెనక కిటికీలకు ఏమీ కాలేదు.

సేఠ్ ఫిట్టర్‌ను పంపించి పొగ పట్టిన ప్రతి అద్దానికీ మూల ఫోటో తీయించాడు. అన్నిటి మీదా ఒకటే రంగు. ఆకుపచ్చ.

సేఠ్ చెడ్డవాడు కాడు. కాని ఎవరి మీదైనా పెట్టి విషయం తేల్చేయాలని తొందర. నన్ను పిలిచి ఫోన్‌లో ఫోటోలు ఒక్కొక్కటీ చూపించాడు. "మౌసీ, నువ్వే చూడు. నేనేం చెప్పడం లేదు, రంగు చెబుతోంది," అన్నాడు హిందీలో. "ఒకటో తారీఖు నుంచి ఆమె రానక్కర్లేదు."

"పెద్ద అద్దాలన్నీ ఆమెవే సేఠ్. పడమటి వైపు ఉన్నవన్నీ పెద్దవే. పాడయినా పాడవకపోయినా అక్కడ ఆకుపచ్చే ఉంటుంది," అన్నాను.

"వానల్లో చేసి ఉంటుంది. గింజలు తడిసి ఉంటాయి."

"అవి ఫిబ్రవరిలో చేసినవి. వానలు ఎక్కడివి?"

తారీఖుల్లో నాతో వాదించి లాభం లేదని సేఠ్‌కు తెలుసు. "అయితే చెయ్యే మంచిది కాదు," అన్నాడు.

ఆ మాట సంగతి తేల్చడానికి మా దగ్గర ఒక దారి ఉండేది. ప్రతి నెలా బల్ల మీద ఉన్న ఒక్కొక్కరి చేతి పనికి నమూనాగా అరచేతంత డబుల్ గ్లాస్ ముక్క ఒకటి చేసి అటక మీద పెట్టేవాళ్ళం. ఆ ఫిబ్రవరి ఆకుపచ్చ ముక్క దించాను. సందు మొదట్లో బరఫ్ గోలా అమ్మే అతని దగ్గర మంచుగడ్డ తెప్పించి, ఉప్పు చల్లి, అద్దం మీద పెట్టాను. లోపల చెమ్మ ఉంటే ఆ చల్లదనానికి మంచు కింద మబ్బు కమ్ముతుంది. సేఠ్, నేను చాలాసేపు చూశాం. మంచు కరిగి నీళ్ళు బల్ల మీద కారాయి. అద్దం లోపల మబ్బు రాలేదు.

"ఈ చెయ్యి, ఆ చెయ్యి ఒకటే," అన్నాను. "తప్పు కార్ఖానాలో లేదు. అక్కడ ఉంది. నన్ను వెళ్ళి చూడనివ్వు."

"ఒకటో తారీఖు గురువారం," అన్నాడు సేఠ్. "బుధవారం నేను, ఆ బిల్డింగ్ ఇంజనీరు అక్కడికి వస్తున్నాం. అప్పుడు చెప్పు."

ఆ సాయంత్రం ఆకుపచ్చ చుక్క అమ్మాయి నాతో పాటు సందు చివరిదాకా నడిచింది. ఆమెకు విషయం అప్పటికే తెలిసింది.

"నా చుక్క నేనే పెట్టుకున్న అత్తా. నాది కాదని ఎట్ల అంట?"

"అనొద్దు. నీదే."

"మళ్ళ ఆ ఖానావళి గిన్నెల కాడికి మాత్రం పోను. ఏమన్న గానీ."

ఎక్కడికి పోతావని నేను అడగలేదు. ఆమెకూ తెలియదు కదా.

శనివారం ఫిట్టర్‌ను వెంటబెట్టుకుని ఆ బిల్డింగ్‌కు వెళ్ళాను. మూడో అంతస్తులో ఒక మరాఠీ ఆవిడ తలుపు తీసింది. ముందుగదిలో పొడుగాటి అద్దం, చట్రంలోనే బిగించేసినది. దాని పక్కన తెరుచుకునే రెక్క. అద్దం అడుగుభాగం పాలు ఒలికినట్టు తెల్లగా ఉంది.

"రైలు కనిపించాలి, వినిపించకూడదు అని కదా పెట్టించుకున్నాం," అంది ఆవిడ. "ఇప్పుడు కనిపించనూ కనిపించదు. మా ఆయన పరదాల ఖర్చు తప్పిందంటారు."

పొగ పై నుంచి కాక కింద నుంచి మొదలయింది. అది నాకు నచ్చలేదు. ఫిట్టర్ అద్దం అడుగున లోపలి వైపు బిగించిన పట్టీని ఊడదీశాడు. అద్దం కూర్చునే గాడిలో నీళ్ళు ఉన్నాయి. తడి కాదు, నీళ్ళు. వాన ఆగి అప్పటికి రెండు మూడు రోజులయింది, అయినా ఆకుపచ్చ చుక్క అమ్మాయి లాగిన సీలు ఆ నీళ్ళలో మునిగే ఉంది.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. కిటికీలోకి వాన నీరు అసలు రాదని ఎవరు చెప్పినా నమ్మకండి. అద్దం చుట్టూ బిగించే రబ్బర్ల పక్క నుంచి ఎంతో కొంత గాడిలోకి దిగుతుంది. దిగిన నీరు బయటికి పోవడానికి చట్రం అడుగున, బయటి వైపు, సన్నని రంధ్రాలు ఉంచుతారు. వాటి మీద చిన్న ప్లాస్టిక్ మూతలు వస్తాయి. నీళ్ళు పోతుంటే సీలు ఏళ్ళకేళ్ళు ఉంటుంది. నిలిస్తే ఎంత మంచి సీలైనా నాని వదులుతుంది. గిన్నెలు తోమేవాళ్ళ వేళ్ళలాగే.

నేను పక్క రెక్క తెరిచి, చెయ్యి బయటికి చాపి, చట్రం అడుగున రంధ్రాల కోసం తడిమాను. రంధ్రాలు తగల్లేదు. నున్నగా ఉంది. ఎవరో తెల్ల సిమెంటు నింపి, బొటనవేలితో సాపు చేశారు. ఆ సాపు మధ్యలో వెంట్రుకంత గీత ఒకటి నా వేలికి తగిలింది.

ఆ గీత నాకు తెలుసు. మా ఇంట్లో మోరి, అంటే నీళ్ళు వాడుకునే మూల, దాని అంచు మీద అదే గీత ఉంది. బిందె కడిగిన ప్రతిసారీ చేతికి తగులుతుంది. అదే ఇంట్లో ఉండే మా అక్క భర్త, అంటే మా బావ కుడి బొటనవేలి గోరు చిన్నప్పుడు ఉలి దెబ్బకు నిలువుగా చీలి అలాగే పెరిగింది. ఆయన వేలితో ఏది సాపు చేసినా మధ్యలో ఆ గీత పడుతుంది. మా చాల్‌లో ఆయన కట్టని మోరి లేదు. పాలమూరు నుంచి తండ్రి వెంట వచ్చినప్పటి నుంచి ఆయన చేసింది ఆ పనే, ఆయన పనిలో ఎవరూ వంక పెట్టలేదు.

వెనక వంటింటి కిటికీ కూడా చూశాను. అక్కడ తొందరలో పని ముగించినవాళ్ళెవరో రంధ్రాల జోలికే పోలేదు. అంచులు గరుకుగా, మట్టి కొట్టుకుని ఉన్నాయి. రంధ్రాలు తెరిచే ఉన్నాయి. అద్దం తేటగా ఉంది.

ఇంటికి నడుస్తూ లెక్క సరిచూసుకున్నాను. పడమటి వైపు అందరికీ కనిపించే వైపు కాబట్టి కాంట్రాక్టర్ దాన్ని అందరికంటే బాగా చేసే మేస్త్రికి ఇచ్చాడు. పెద్ద అద్దాలు కాబట్టి నేను వాటిని అందరికంటే బాగా చేసే అమ్మాయికి ఇచ్చాను. ఇద్దరి మంచి పనీ ఒకే కిటికీ దగ్గర కలిసింది, కిటికీ పాడయింది. అశ్రద్ధగా చేసినవాళ్ళ కిటికీలు నిక్షేపంగా ఉన్నాయి. జీవితమంతా కొలత తప్పకూడదని అందరినీ వేధించినదాన్ని. ఆ రోజు ఈ లెక్క నాకు మింగుడుపడలేదు.

ఆ కాంట్రాక్టరే పరేల్‌లో ఇంకో బిల్డింగ్ మొదలుపెడుతున్నాడు. ముందు వైపు పని బావకే ఇస్తానన్నాడు. మా చాల్ నుంచి కొందరు ఆయన చేతికింద వెళ్ళడానికి సిద్ధంగా ఉన్నారు. ఇది కూడా నాకు తెలుసు.

ఆదివారం పొద్దున బావ వరండాలో కూర్చుని తాపీలు కడిగి తుడుచుకుంటున్నాడు. మా అక్క పక్కన వెల్లుల్లి వలుస్తోంది. నేను ఎదురుగా స్టూలు వేసుకున్నాను.

"బావా, ఆ పట్టాల కాడి బిల్డింగ్‌ల ముందటి కిటికీలకు ఫినిషింగ్ నువ్వే చేసినవ్ గదా."

"నేనే. ఎవడన్న మెచ్చుకున్నడా?"

"కింద బొక్కలుండె. ఏం చేసినవ్?"

"ఏం చేస్త? నింపిన. బొక్క ఉంచి పరంజా దిగుతనా నేను?"

"ఎవరు నింపుమన్నరు?"

"ఒకరు చెప్పాల్నా? ఇంజనీరు వానలకు ముందు వచ్చి, ఒక్క చుక్క లోపలికి రావద్దన్నడు. గోడకు బొక్క కనబడితే నింపాలె. మా నాయన నాకు గదే నేర్పిండు. నేను దిగినంక నా గోడల నీళ్ళు కారినయని ఒక్కడన్న అన్నడా ఇంతవరకు?"

"అవి నీళ్ళు లోపలికొచ్చే బొక్కలు కావు బావా. లోపలున్న నీళ్ళు బయటికి పొయ్యేవి."

తాపీ తుడుస్తున్న గుడ్డ ఆగింది. "కిటికీల నీళ్ళెందుకుంటయే? మంచిగ బిగిస్తే?"

"ఎంత మంచిగ బిగించినా దిగుతయి. కిటికీ లోపల గాడి ఉంటది. అదొక చిన్న మోరి అనుకో. మోరికి జాలీ ఉంటది గదా. నువ్వు జాలీకి సిమెంటు కొట్టినవ్."

అక్క వెల్లుల్లి మీద నుంచి తల ఎత్తలేదు. "మన మోరి జాలీ మూసుకపోయి నీళ్ళు నిలుస్తున్నయని నెలసంది మొత్తుకుంటున్న. దానికి చెయ్యి రాదు. ఊరోళ్ళ జాలీలైతే వెతికి వెతికి మూసిండు," అంది.

"నువ్వూకో," అన్నాడు బావ. నా వైపు తిరిగి, "నా పని మంచిగ లేదంటున్నవా మరదలా?"

"మస్తుగుంది. నాసిగ ఉంటే ఎక్కడో పగిలి నీళ్ళు పొయ్యేటివి. ఒక్క చుక్క పోలేదు. అదే వచ్చిన కష్టం."

ఆయన ముఖం ఎర్రబడింది. పెళ్ళిలో నాకు పట్టుచీర పెట్టలేదని అలిగిన మరదలు ఇన్నేళ్ళకు పగ తీర్చుకుంటోందన్నాడు. ఆ చీర గొడవ పెళ్ళిలో కాదు, మరుసటి ఏడు దసరాకు అన్నాను. అది అనవలసిన సమయం కాదు, కాని తారీఖు తప్పు చెబితే నేను ఊరుకోలేను.

"పో, పొయ్యి సేఠ్‌కు చెప్పు. మా బావ చేసిండని చెప్పు," అన్నాడు.

"నేను చెప్ప. బుధవారం నువ్వొచ్చి చూడు. నీళ్ళు పోసి చూడు. తర్వాత నీ ఇష్టం. ఆ అద్దాలు చేసిన పొల్లను ఒకటో తారీఖు తీసేస్తున్నరు. ఖానావళిల గిన్నెలు తోముకుంట ఉండె, ఈ పని నేర్చుకుంది. అంతే, ఇంకేం లేదు చెప్పుడు."

ఆయన తాపీలు ఒక్కొక్కటీ గోనెలో చుట్టాడు.

ఆయన రాకపోయి ఉంటే నేను చెప్పేదాన్నా అని మీరు అడగవచ్చు. చెప్పేదాన్ని. బుధవారం పొద్దున బస్సులో ఆ మాటలు హిందీలో కూర్చుకుంటూనే వెళ్ళాను. కాని అవి నా నోట రావడం వేరు, ఆయన నోట రావడం వేరు. ఒకే ఇంటి మోరిలో ఇంకా చాలా ఏళ్ళు నీళ్ళు పోసుకోవలసినవాళ్ళం.

ఆకుపచ్చ చుక్క అమ్మాయిని కూడా రమ్మన్నాను. ఆమె మీద తేల్చే మాట ఆమె లేకుండా తేల్చకూడదని. మరాఠీ ఆవిడ ముందుగదిలో సేఠ్, ఇంజనీరు, ఫిట్టర్, మేమిద్దరం నిలబడ్డాం. ఇంజనీరు మర్యాద తెలిసిన యువకుడు. గాడిలో నీళ్ళు నిలవడం చూసి బయటి వైపు ఏదో అడ్డు ఉందని ఆయనే అన్నాడు. "అడ్డు తరువాత వచ్చిందో, సీలు ముందే పోయిందో ఎలా తెలుస్తుంది?" అన్నాడు సేఠ్. న్యాయమైన ప్రశ్నే.

అప్పుడు తలుపు దగ్గర బావ కనిపించాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో పాత పేపర్లో చుట్టిన ఉలి. పెళ్ళికి పోతున్నాడో పనికి పోతున్నాడో తెలియని వేషం. అందరికీ నమస్కారం పెట్టి ఆ ఇంటావిడను ఒక చెంబు నీళ్ళు అడిగాడు. తాగడానికి అనుకుని ఆవిడ గ్లాసు తెచ్చింది. ఆయన మళ్ళీ అడిగి బకెట్, మగ్గు తెప్పించుకున్నాడు.

గాడిలో మగ్గుతో నీళ్ళు పోశాడు. నీళ్ళు అంచుదాకా వచ్చి ఆగాయి. మోకాళ్ళ మీద కూర్చుని వాటినే చూస్తూ ఉండిపోయాడు. ఒక లోకల్ రైలు పోయింది, ఇంకొకటి పోయింది, నీటి మట్టం గింజంత కూడా దిగలేదు. తరువాత లేచి, రెక్కలో నుంచి చెయ్యి బయటికి పెట్టి, అడుగున తడిమాడు. బొటనవేలు అక్కడే ఆపాడు. దాని అచ్చులో అది సరిగ్గా కూర్చుని ఉంటుంది.

"ఇది నా చెయ్యే," అన్నాడు హిందీలో, ఎవరి వైపూ చూడకుండా. "ఈ వైపు అన్ని కిటికీలకూ నేనే నింపాను. ఒక్కటి కూడా వదల్లేదు."

ఉలి తీసి, బయటికి చెయ్యి చాచి, రెండు మూడు దెబ్బలు వేశాడు. తెల్ల సిమెంటు బిళ్ళ ఊడి కింద పడింది. వెనకనే నీళ్ళు సన్నని ధారగా పోయాయి. మొదట గోధుమరంగు, తరువాత తెల్లగా. గాడి ఖాళీ అయింది. కింద అంతస్తు కిటికీకి నీడగా ఉన్న ఛజ్జా మీది పావురాలు లేచిపోయాయి.

బావ ఆకుపచ్చ చుక్క అమ్మాయి వైపు తిరిగాడు. ఆమె ఎవరో నేను చెప్పలేదు. అక్కడ భయపడుతూ నిలబడింది ఆమె ఒక్కతే కాబట్టి తెలిసింది.

"బిడ్డా, నీ చుక్క కింద నేను చెరువు కట్టిన," అన్నాడు.

ఆమె గాడిలోకి తొంగి చూసింది. "మంచిగనే కట్టిండ్రు తాతా. ఒక్క బొట్టు పోలె," అంది.

ముందు నవ్వింది బావే.

నవ్వు ఆగాక ఇంజనీరు, వానలకు ముందు తాను అన్న మాట తనకు గుర్తుందన్నాడు. రంధ్రాల మీది మూతలు ఏవని ఫిట్టర్‌ను అడిగాడు. ఆ మూతలు మా కార్ఖానా నుంచి వెళ్ళలేదు. సేఠ్ కిటికీ బయటికి చూశాడు. మూతలుంటే బావ వాటిని బొక్కలనుకునేవాడు కాడు. అద్దం బిగించినవాళ్ళు లోపలి నుంచి బిగించి వెళ్ళిపోయారు, మేస్త్రి తరువాత బయటి నుంచి వచ్చాడు. ఇవి నింపొద్దని ఆయనకు చెప్పడం ఎవరి పనీ కాదు. ఎవరూ చెప్పలేదు. మీలో ఫిట్టర్లుగా ఉన్నవాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. మీ తరువాత వచ్చేవాడికి చెప్పి దిగండి.

ఒకటో తారీఖున ఆకుపచ్చ చుక్క అమ్మాయి మామూలుగా పనికి వచ్చింది. సేఠ్ ఆ నెలలోనే స్టిక్కర్లు తెప్పించాడు. మాకు అక్కర్లేదన్నాం.

పొగ పట్టిన అద్దాలన్నీ దించి కార్ఖానాకు తెచ్చాం. అంచు కోసి, రెండు అద్దాలు విడదీసి, కడిగి, కొత్త పట్టీ, కొత్త గింజలు, కొత్త సీలు. కొన్నిటికి లోపల తెల్లమచ్చ పట్టేసింది. అది కడిగితే పోదు, అద్దమే మార్చాలి. తిరిగి బిగించేటప్పుడు అద్దం గాడి అడుగున ఆనకుండా కింద ప్లాస్టిక్ దిమ్మలు పెట్టించాను. రబ్బరు మూలల దగ్గర లాగి కోయకుండా, కొంచెం వదులు ఉంచి కోయమన్నాను. లాగి కోస్తే ఎండకు ముడుచుకుని మూలల్లో సందు ఇస్తుంది. చివర ప్రతి కిటికీకీ నీళ్ళు పోసి, అవి బయట పడడం చూశాకే సంతకం పెట్టాను.

పరేల్ బిల్డింగ్ పని బావకు రాలేదు. కాంట్రాక్టర్ వేరే ముఠాకు ఇచ్చాడు. మా చాల్‌లో ఆయన చేతికింద వెళ్ళవలసినవాళ్ళలో ఒకతను చాలా రోజులు ఆయనతోనూ మాట్లాడలేదు, నాతోనూ మాట్లాడలేదు. అతని కోపం తప్పని నేను అనను. అతను ఏ బొక్కా నింపలేదు కదా. బావ మాత్రం ఆ విషయం ఎత్తలేదు. రోజూ పొద్దున్నే పట్టాల బిల్డింగ్‌కు పోయి, తాను నింపిన రంధ్రాలు తానే తెరిచాడు. సిమెంటు తీసి, అంచులు గీకి, నీళ్ళు పోసి. నింపిన రోజుల్లో ఎంత ఓపికగా నింపాడో అంతే ఓపికగా.

సగం పని అయ్యాక ఒక సాయంత్రం ఆయన కార్ఖానా మెట్లెక్కి వచ్చాడు. అప్పుడు గింజల డబ్బా తెరిచి ఉంది కాబట్టి, మూత పెట్టేదాకా గుమ్మంలో నిలబడ్డాడు. మా నియమం ఆయనకు ఇంట్లో విని తెలుసు.

"బిడ్డా, నీ రంగు సీసా ఇస్తవా?" అని అడిగాడు ఆకుపచ్చ చుక్క అమ్మాయిని.

"దేనికి తాతా?"

"నేను తీసి వస్తున్న. మళ్ళ రంగులేసెతందుకో, ప్లాస్టరుకో ఎవడో ఒకడొస్తడు. నా అసొంటి మంచి పనోడే వస్తడు. బొక్క చూస్తడు, నింపుతడు. ఏదన్న గుర్తుంటే ఆగి అడుగుతడు."

ఆమె సీసా ఇచ్చింది. మిగిలిన రోజులన్నీ ఆయన ఉలి వెంట ఆ సీసా కూడా తీసుకుపోయాడు. తెరిచిన ప్రతి రంధ్రం మీదా ఒక ఆకుపచ్చ చుక్క పెట్టాడు. ఇంటికి వస్తే చీలిన గోటి నిండా రంగు. మా అక్క వరండాలో అందరికీ వినబడేలా, "నేను పెళ్ళైన కొత్తల ఒక్క గోళ్ళరంగు సీసా అడిగితే దొరకలే. గిప్పుడు ఈన పెట్టుకుంటున్నడు," అనేది. ఆయన చెయ్యి దాచుకునేవాడు కాదు. ఒకరోజు మోరి జాలీ కూడా తీసి శుభ్రం చేశాడు. దాని పక్కన కూడా ఒక చుక్క ఉంది, ఇప్పటికీ.

ఆకుపచ్చ చుక్క అమ్మాయి ఇప్పుడు నా స్థానంలో బల్లల మీద పెద్దది. గింజల డబ్బా దగ్గర ఆమె నాకంటే కఠినమని వింటున్నాను.

ఈ ఎండాకాలం ఆ పట్టాల బిల్డింగ్‌కు రంగులు వేశారు. పరంజా మీద నుంచే ఒక పెయింటర్ నాకు ఫోన్ చేశాడు. నా నంబరు అతనికి ఇంజనీరు ఇచ్చాడట. "కిటికీల కింద ప్రతి బొక్క మీదా ఏదో పచ్చ చుక్క ఉందండీ. గీకి నింపమంటారా?" అని అడిగాడు. వద్దని, అవి అలాగే ఉండాలని, అనుమానం ఉంటే లోపలి గాడిలో ఒక మగ్గు నీళ్ళు పోసి చూడమని చెప్పాను. మీకూ అదే చెబుతున్నాను.

బావ మంచం మీద పడుకుని వింటున్నాడు. ఆయనకు ఇప్పుడు చెవులు సరిగా వినబడవు. ఫోన్ పెట్టాక అడిగాడు.

"ఏమంటడు? నింపుతడంటనా?"

"లేదు బావా. ఆగి అడిగిండు."

"రంగు ఇంకా ఉందంటనా?"

"కొంచెం వెలిసిందంట. ఉంది."

"మంచి రంగు," అన్నాడు బావ.